బయమ్మ ఎడమ చెవి

కళ్యాణదుర్గంలో బదరీనారాయణ శెట్టి గారి వేరుశనగ గోదాములో ముప్పై ఎనిమిదేళ్ళ పాటు ఒక నియమం అమలులో ఉండేది. అది ఏ కాగితం మీదా రాసి లేదు, ఏ గోడకూ అంటించి లేదు. అయినా మీరిన వారు లేరు. కళ్ళంలో నుంచి వచ్చిన కాయ కంటికి ఎంత నాణ్యంగా కనిపించినా సరే, కంబదూరు బయమ్మ గుప్పెడు తీసుకొని, చెవి దగ్గర ఆడించి, "ఊఁ" అన్న తరువాతనే సంచుల మూతి కుట్టాలి.

బాగా ఎండిన వేరుశనగ కాయలో గింజ తొక్కును వదిలిపెడుతుంది. ఆడిస్తే గలగలమంటుంది. తేమ ఉన్న కాయలో గింజ తొక్కును అంటిపెట్టుకొని ఉండి, మొద్దుగా పలుకుతుంది. ఇంతమాత్రం ఆ ప్రాంతంలో ఎవరికైనా తెలుసు. బయమ్మకు తెలిసినది దానికి మించినది. ఎండిన రాశి అంతా ఒక్క తీరుగా, ఒకే గొంతుతో మాట్లాడుతుందనీ, తేమ రాశిలో ఒక్కొక్క కాయ ఒక్కొక్క మాట అంటుందనీ, ఆ మాటల తేడాను బట్టి ఇంకా ఎన్ని ఎండలు కావాలో లెక్క కట్టవచ్చుననీ ఆమె ఎరుగును. "ఇంకా రెండెండలు కావల్ల" అని ఆమె అన్నదంటే ఆ కాయకు రెండు ఎండలే కావలసి వచ్చేవి. ఒకటిన్నర చాలేది కాదు, మూడు అక్కరలేదు.

ఈ పనికి ఆమె ఎడమ చెవిని మాత్రమే వాడేది. కమ్మ చప్పుడు కాయ చప్పుడులో కలవకూడదని, పనిలో చేరిన మొదటి సంవత్సరమే ఎడమ చెవి కమ్మ తీసివేసింది. ఆ రంధ్రం కాలక్రమాన పూడిపోయింది. కుడి చెవికి కమ్మ, ఎడమ చెవి బోడి. చూసినవారు కమ్మ పారేసుకున్నదని అనుకొనేవారు.

కంబదూరు మండలంలో ఆమెకు, ఆమె భర్త బయ్యన్నకు అయిదెకరాల ఎర్రనేల ఉండేది. వాన పడిన సంవత్సరం ఆ నేల వారిని పోషించేది. పడని సంవత్సరాలలో గోదాము పోషించేది. బయ్యన్న ఏడేళ్ళ క్రితం వణుకుజబ్బుతో మరణించాడు. మనిషి చివరి నాలుగేళ్ళూ మంచినీళ్ళ లోటా తానుగా పట్టుకోలేకపోయాడు. ఆ తరువాత బయమ్మ నేలను కౌలుకిచ్చి, రోజూ ఉదయం బస్సెక్కి గోదాముకు వస్తూ ఉండేది.

ఇట్లా ఉండగా నిరుడు మాఘమాసంలో శెట్టి గారి బల్ల మీద ఒక చిన్న యంత్రం వెలసింది.

"ఇదేం డబ్బీ సావుకారీ?" అని బయమ్మ అడిగింది.

"డబ్బీ కాదు బయమ్మా, మిషన్. గుప్పెడు కాయలు పోస్తే తేమ ఎంతుండాదో అంకె చూపిస్తాది."

"నేనూ చెప్తాండా గదా."

"నువ్వు చెప్తే నేను నమ్ముతా. కొనేటోడు యాడో గుజరాత్‌లో ఉండాడు. వానికి నీ చెవిని పార్సిల్ చేసి పంపియ్యలేను గదా! వానికి అంకె కావల్ల. చెవి మాట ఈ కాలంలో సాక్ష్యం కాదమ్మా."

సంచులు కుట్టేవారు పకపకా నవ్వారు. బయమ్మ నవ్వలేదు.

"అంటే, నా చెవికి రిటైర్మెంట్ ఇస్తాండావా?"

"అట్ల కాదు. ముప్పై ఎనిమిదేండ్లు చేసినావు. ఇంక ఇంటి తావ సుఖంగా కూర్చో."

అంతటితో ఆ నియమం రద్దయింది. బయమ్మ కొంగులోకి రెండు గుప్పిళ్ళ కాయలు తీసుకొని, బస్సు స్టాండుకు నడిచింది. శెట్టి గారు చెడ్డవారు కారు. అందువల్లనే ఆమెకు ఆ మాట మరింత లోతుగా దిగింది. చెడ్డవాడు అన్నమాట అయితే దులిపివేసుకోవచ్చు. తన చెవిని నమ్మే మనిషే ఆ చెవి సాక్ష్యానికి పనికిరాదన్నాడు.

ఆరు నెలలు గడిచిన తరువాత ఆమె తమ్ముని కూతురు నందిని ఇంటికి వచ్చింది. నందిని రాప్తాడు దాటిన పిమ్మట హైవే పక్కన ఉన్న ఒక పరిశోధనా సంస్థలో మెదడును గూర్చి పరిశోధన చేస్తున్నది. ఎప్పుడు వచ్చినా గడప దగ్గరనే ముచ్చట మొదలుపెట్టే పిల్ల, ఆనాడు సంచి కూడా దించకుండా గోడకు ఆనుకొని కూర్చుంది.

"ఏమైందే?"

"నా పని నిలిపేస్తారేమో అత్తా."

ఆమె తన సంచిలో నుంచి ఒక ఉత్తరం తీసి, అత్తకు అర్థమయ్యేటట్లు తెలుగులో చదివింది. సంస్థ వారు నియమించిన సమీక్షా సంఘం అధ్యక్షులు డాక్టర్ ఈశ్వరప్ప గారు పంపినది. కంటికి తెలియని విషయం చెవికి తెలుస్తుందని సెప్టెంబరు ముప్పైలోగా రుజువు కానియెడల, సదరు అధ్యయనమును నిలిపివేయవలసి వచ్చునని అందులో ఉన్నది.

"చెవికి తెలుస్తాదని రుజువా?" బయమ్మ ముందుకు జరిగింది. "నువ్వు చేసే పనేంది, సక్కంగా చెప్పు."

నందిని చెప్పింది. ఎలుకలలో ఒక జాతి ఉన్నది. వాటిలో కొన్నింటికి వయసు మళ్ళిన తరువాత వణుకుజబ్బు వస్తుంది, కొన్నింటికి రాదు. పడుచు వయసులో అన్నీ ఒకే మాదిరిగా గంతులు వేస్తుంటాయి. ఆ వయసులోనే వాటి మెదడులోకి వెంట్రుకకన్న సన్నని తీగను పంపి, డోపమైన్ అనే రసాయనం క్షణక్షణానికీ ఎంత ఊరుతున్నదో కొలుస్తారు. కాళ్ళకూ చేతులకూ కదలమనే ఆజ్ఞ సాఫీగా అందాలంటే ఆ రసాయనం కావాలి. అది ఎండిపోతే వణుకు పుడుతుంది.

"మామకొచ్చింది అదే అత్తా."

బయమ్మ ఇంకా చెప్పమని చేత్తో సైగ చేసింది.

"ఆ అంకెలు లక్షల్లో ఉంటాయి. గీతలు గీసి చూస్తే అన్నీ ఒకటే మాదిరి ఉండాయి. అందుకని నేను ఆ అంకెల్ని పాటగా మార్చినాను. అంకె పెరిగితే స్వరం పైకి పోతాది, తగ్గితే కిందికి దిగుతాది. జబ్బు రాబోయే ఎలకను ముందే చెవితో పట్టుకోవచ్చని నా ఆశ."

"ఎలక పాట పాడుతాదా?"

"ఎలక పాడదత్తా. దాని మెదడు పాడుతాది."

"నీ చదువు ఇట్లయిపోయెనా తల్లీ!" అని బయమ్మ నవ్వింది. "మరి ఎవురన్నా విన్నారా?"

"సంగీతం కాలేజీ వాళ్ళు విన్నారు. ఇరవై నాలుగు పాటలకు పదమూడు సరిగా చెప్పినారు. గుడ్డిగా చెప్పినా పన్నెండు వస్తాయంట." నందిని తల ఎత్తింది. "అత్తా, నువ్వొకసారి వింటావా?"

కంప్యూటరు తెరిచి ఒక పాట వినిపించింది. వీణ మోగినట్లున్నది. బయమ్మ శ్రద్ధగా విన్నది.

"పెండ్లి పందిట్లో వాయించినట్లుండాది. బాగుండాది. కానీ దీంట్లో నేనేం ఏరల్ల? నా చెవికి వీణ తెలీదు తల్లీ, కాయ తెలుసు."

ఆ మాట అని లోపలికి పోయి, గోదాము నుంచి తెచ్చుకున్న కాయలను గుప్పిట పట్టుకొని వచ్చింది. నందిని ఒక్క నిమిషం అత్త చేతివంక చూసి, గబగబా ఫోను తీసి, ఆ గలగలను రికార్డు చేసుకున్నది. ఆనాటి సాయంత్రానికల్లా డోపమైన్ అంకెలు వీణను విడిచిపెట్టి కాయల చప్పుడుగా మారిపోయినవి. డోపమైన్‌తో పాటే కొలిచిన మరొక రసాయనం అడుగున వీణమీద శ్రుతిగా సన్నగా సాగుతూ ఉండగా, దానిమీద ఎలుక మెదడు గలగలలాడింది. బయమ్మ నందిని ఇచ్చిన ఇయర్‌ఫోన్లలో కుడిదాన్ని పక్కకు తోసి, ఎడమదాన్ని మాత్రం పెట్టుకొని, కళ్ళు మూసుకున్నది.

"ఇప్పుడు మాట్లాడతాండాది," అన్నది. "మంచిదొకటి, చెడ్డదొకటి చూపీ. మిగతావి నేను చెప్తా."

"చూపకూడదత్తా. అదీ నియమం. జవాబులు నాకూ తెలియవు. ఈశ్వరప్ప సారు బీరువాలో ఉండాయి."

బయమ్మ తల ఊపింది. నియమాలంటే ఆమెకు గౌరవమే.

పరీక్ష నాడు ఆమె ఇంటి నుంచి రెండు చేటలు చంకన పెట్టుకొని వచ్చింది. సంస్థ వాచ్‌మన్ వాటిని చూసి, "ఏమ్మా, ఈడ బియ్యం చెరగరు" అన్నాడు. "నేను ఎలకల్ని చెరుగుతా నాయనా" అని ఆమె లోపలికి నడిచింది.

డాక్టర్ ఈశ్వరప్ప గారు బెళుగుప్ప మనిషి. అరవై ఏళ్ళు దాటినవారు. నోటి మాటకన్న కాగితాన్ని గౌరవించేవారు. ఎవరు గదిలోకి వచ్చినదీ, ఎన్ని గంటలకు వచ్చినదీ స్వహస్తంతో రాసుకొనేవారు. ఆయన బయమ్మకు కుర్చీ చూపించి, ఇరవై నాలుగు పాటలకు ఇరవై నాలుగు చీటీలు బల్ల మీద పెట్టారు. బయమ్మ ఒక్కొక్క పాటనే విన్నది. విని, చీటీని ఒక చేటలో గాని రెండవ చేటలో గాని వేసింది. ఒక్కొక్కప్పుడు "ఎండింది" అని, ఒక్కొక్కప్పుడు "పచ్చి" అని తనలో తాను అనుకున్నది. చేతికి ఎక్కడా తడబాటు లేదు. గంటన్నరకు రెండు చేటలలోనూ పన్నెండేసి చీటీలు చేరినవి.

"ఇవి మంచివి. ఇవి జబ్బువి," అని చేతులు దులుపుకొన్నది.

ఈశ్వరప్ప గారు బీరువా తెరిచి, కవరు చించి, జాబితాతో సరిపోల్చారు. ఒకసారి చూసి, కళ్ళద్దాలు తుడుచుకొని, మళ్ళీ చూశారు.

"రెండు," అన్నారు.

"రెండు తప్పులా సార్?" అని నందిని ఆశగా అడిగింది.

"రెండు ఒప్పులు. ఇరవై రెండు తప్పులు." ఆయన గొంతులో ఎగతాళి లేదు. "అమ్మా, మీరు శ్రమ తీసుకున్నారు. కాని కండ్లు మూసుకొని చీటీలు తీసినా పన్నెండు వచ్చి ఉండేవి. నేను ఇంక రాయవలసినది రాస్తాను."

బయమ్మకు గోదాములో శెట్టి గారి బల్ల గుర్తుకు వచ్చింది. ఆనాడు యంత్రం వచ్చి చెవిని పక్కకు నెట్టింది. ఈనాడు చెవే తనను వంచించింది. ఆమె చేటలు తీసుకొని వరండాలోకి వచ్చి నిలబడింది. ఎదురుగా హైవే మీద లారీలు బెంగుళూరు వైపు పోతున్నవి. నందిని మెట్టు మీద కూర్చొని, జాబితా నకలును ఒళ్ళో పెట్టుకొని, దానివంక చూడకుండా ఉన్నది.

బయమ్మ చేటలు కింద పెట్టి అడిగింది: "నందినీ, రెండు చేటలూ కలగాపులగమైనాయా?"

"అంటే?"

"గోదాములో నేను రాశులు రెండు చేస్తా. ఏ రాశికి ఏం పేరు పెట్టుకుంటారో సావుకారి ఇష్టం. నేనడిగేది, ఒక చేటలోవి ఇంకో చేటలో కలిసినాయా అని."

నందిని జాబితా ఎత్తి చూసింది. వేలితో ఒక్కొక్క గీతనూ తాకుతూ పోయింది. వేలు మధ్యలో ఆగిపోయింది.

"అత్తా... నువ్వు మంచివన్న చేటలో పన్నెండింటికి పదకొండు జబ్బువి. జబ్బువన్న చేటలో పదకొండు మంచివి."

"అంటే కలవలేదు."

"కలవలేదు! రాశులు సరిగానే చేసినావు. పేర్లు తారుమారైనాయి!"

"ఒక్క తీరుగా పలికేది మంచిదని నేననుకొంటి," అని బయమ్మ మెల్లగా అన్నది. "ఒకటొకటీ ఒక్కో మాదిరి పలికితే పచ్చిదనుకొంటి. చెనక్కాయకు అదే గదా లెక్క. మరి ఒక్క తీరుగా పలికేది జబ్బుదా?"

ఆ ప్రశ్న ఆమె నోట వెలువడుతుండగానే ఆమెకు జవాబు వినిపించింది. వినిపించినది ఎలుక పాట కాదు.

పదిహేనేళ్ళ కింద, విత్తనం కాయలు వలిచే దినాలు. బయ్యన్న అరుగు మీద కూర్చొని మబ్బుకోసం పడమటి దిక్కుకు చూస్తున్నాడు. ఒడి నిండా కాయలు. ఆయన ఎడమ చేతి గుప్పిట్లో అయిదారు కాయలు గలగలమంటున్నవి. ఆగవు, హెచ్చవు, తగ్గవు. ఒక్క తీరుగా, ఒకే వేగంతో. "ఊరికే ఆడించొద్దప్పా, నా చెవి తెగిపోతాంది" అని ఆమె కసిరింది. ఆయన తన చేతివంక వింతగా చూసుకొని, "నేనాడిస్తాండానా?" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన చేతి వణుకును మరొకరు గుర్తించింది రెండేళ్ళ తరువాత.

"నేను విన్నా నందినీ," అన్నది బయమ్మ. "అందరికన్నా ముందు నేనే విన్నా. బాగా ఎండిన కాయ మాదిరి ఉండాదే అనుకొంటి." కొంగుతో కళ్ళు ఒత్తుకొని, లేచి నిలబడింది. "చెవి తప్పు కాదు. తప్పు నా బుద్ధిది. ఒక్క తీరుండేది కాయకు మంచిది, మనిషికి కాదు. పద లోపలికి."

ఈశ్వరప్ప గారు అప్పటికి సగం పేజీ రాసి ఉన్నారు. నందిని చెప్పినదంతా కలం పట్టుకొనే విన్నారు.

"నందినీ, నీ ఉత్సాహం నాకు అర్థమైంది. జవాబులు చూసిన తరువాత పేర్లు మారిస్తే దానిని సాక్ష్యమని ఎవరూ ఒప్పుకోరు. నేను అసలే ఒప్పుకోను."

అప్పుడు బయమ్మ బల్ల దగ్గరకు వచ్చింది. "సారూ, నువ్వే చెప్తివి గదా, కండ్లు మూసుకోని తీసినా పన్నెండొస్తాయని?"

అత్త "నువ్వు" అన్నందుకు నందిని ఉలిక్కిపడింది.

"చెప్పినాను," అన్నారు ఈశ్వరప్ప గారు.

"మరి నాకు రెండే వచ్చినాయంటే, నేను కండ్లు మూసుకోని తీయలేదనే గదా? ఇరవై రెండు తప్పులు చేయల్లన్నా రాశి తెలిసినోళ్ళే చేయల్ల."

ఈశ్వరప్ప గారు కలం మూత పెట్టారు. రాసిన సగం పేజీని నిలువునా మడిచి, సొరుగులో వేశారు. ఆయన పెదవుల చివర ఒక నవ్వు వచ్చి, తనకు అనుమతి లేదన్నట్లు వెనక్కు పోయింది.

"సెప్టెంబరు ముప్పైకి ఇంకా పదహారు దినాలు ఉన్నవి," అన్నారు. "కొత్త పాటలు. మన ఎలుకలవి కావు, వేరే రాష్ట్రంలోని సంస్థ నుంచి నేనే తెప్పిస్తాను. ఒక్క పరీక్ష. దాని ఫలితం ఏదైనా, అదే ఆఖరు."

ఆ పదహారు దినాలూ బయమ్మ జవాబులు తెలిసిన పాత పాటలను నందిని ఫోనులో వింటూ గడిపింది. మంచి ఎలుక మెదడు సంత రోజున జనం మాదిరి ఉంటుందని తెలుసుకున్నది: ఒకడు పరుగెత్తుతాడు, ఒకడు నిలబడతాడు, ఒకడు వెనక్కు తిరుగుతాడు. జబ్బు రాబోయే మెదడులో ఆ సంత అడుగున, వినబడీ వినబడని బయ్యన్న చేతి గలగల ఉంటుంది. తాను ఒక రాశివి ఇంకొక రాశిలో కలిపిన రెండింటిని ఇరవైసార్లు విని, ఎక్కడ పొరబడ్డదో పట్టుకున్నది. అన్నం తినేటప్పుడు కూడా కుడిచేత ముద్ద, ఎడమ చెవిన ఎలుక.

రెండవ పరీక్షకు సంఘంలోని ముగ్గురు సభ్యులూ వచ్చారు. పాటలు ఇరవై. బయమ్మ కుర్చీలో కూర్చొని మొదట ఏసీ ఆపించింది. తరువాత ఫ్యాను ఆపించింది.

"ఉక్కపోస్తాదమ్మా," అన్నారు ఒక సభ్యులు.

"గోదాములో ఫ్యానేసుకోని కాయ వినేటోళ్ళు ఉండరు సారూ. ఓర్చుకోండి."

పెద్ద చదువులు చదివిన ముగ్గురూ చేతిరుమాళ్ళతో మెడలు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఒకటి, రెండు, మూడు. చీటీలు చేటలలో పడుతున్నవి. పదిహేడవ పాట దగ్గర బయమ్మ చెయ్యి ఆగింది. మళ్ళీ వినిపించమన్నది. మూడవసారి వినిపించమన్నది. బయమ్మ ఆ చీటీని జబ్బు చేటలో వేసి, "కానీండి" అన్నది.

ఈశ్వరప్ప గారు కవరు చించారు. ఈసారి ఆయన సరిపోల్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. కుర్చీలో నుంచి లేచి నిలబడి చదివారు.

"ఇరవైకి పందొమ్మిది సరిపోయినవి."

నందిని అత్తను కౌగిలించుకొని, ఏడుస్తూ నవ్వింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఒకరు పరుగున పోయి ఫ్యాను వేశారు. బయమ్మ మాత్రం చేటవంకనే చూస్తున్నది.

"ఏది తప్పిందంట?"

"పదిహేడు. మీరు జబ్బు రాశిలో వేశారు. అది ఆరోగ్యంగా ఉన్నట్లు రికార్డు. అయినా ఫరవాలేదమ్మా, పందొమ్మిది చాలా గొప్ప సంగతి."

"పందొమ్మిది కాదు. ఇరవై."

"అత్తా, చాల్లే!" అని నందిని గుసగుసలాడింది.

"నువ్వుండు. సారూ, ఆ పదిహేడోది యాడుంది? బతికుండాదా?"

ఈశ్వరప్ప గారు కాగితం తిరగవేశారు. "మిగతావన్నీ వయసు మళ్ళేంతవరకు చూసి తేల్చినవి. ఇది ఒక్కటి ఇంకా చిన్నది. ఇప్పటివరకు ఏ లక్షణమూ లేదని రాశారు."

"ఇప్పటివరకు లేదు. దాని లోపల మొదలైపోయింది. ఇంకా కొన్ని ఎండలు కావల్ల, అంతే. నా మాట రాసుకో."

"ఇది ఫలితాన్ని మార్చదు కదమ్మా, ఎందుకు?"

"రాస్తే గదా సాక్ష్యం?"

ఈశ్వరప్ప గారు ఆమెను ఒక్క క్షణం చూసి, దస్త్రం తెరిచి, ఒక్కొక్క అక్షరమూ స్పష్టంగా రాసి, చదివి వినిపించారు: "పదిహేడవ సంఖ్య గల ఎలుక విషయమున శ్రీమతి బయమ్మ గారు తమ నిర్ణయమును మార్చుకొనుటకు నిరాకరించిరి." బయమ్మ దాని కింద పెద్ద అక్షరాలతో సంతకం చేసింది. జవాబు ఏ చిరునామాకు పంపాలని అడిగితే, "బదరీనారాయణ శెట్టి గోదాము, కళ్యాణదుర్గం" అన్నది.

"ఇంటికెందుకు వద్దత్తా?" అని నందిని బయటకు వచ్చిన తరువాత అడిగింది.

"ఆడ గట్టిగా చదివేటోళ్ళు, వినేటోళ్ళు శానామంది ఉండారు తల్లీ."

పరీక్ష జరిగిన నలభై ఏడవ దినాన శెట్టి గారి నుంచి కబురు వచ్చింది. బయమ్మ తలదువ్వుకొని, మంచి చీర కట్టుకొని, మధ్యాహ్నం బస్సుకు గోదాము చేరింది. కొత్త కాయ వచ్చే రోజులు. లోపల కాలు పెట్టడానికి సందు లేదు. సంచులు కుట్టేవారు దబ్బనాలు చేతపట్టుకొని లేచి వచ్చారు. శెట్టి గారు ముద్రలు వేసిన పొడవాటి కవరును రెండు చేతులతో పట్టుకొని ఉన్నారు.

"బయమ్మా, ఇదేంది, ఏమన్నా కోర్టు వ్యవహారమా? నన్నేమన్నా ఇరికిస్తాండావా?"

"చించి చదువు సావుకారీ. గట్టిగా."

శెట్టి గారు గొంతు సవరించుకొని చదివారు:

"శ్రీమతి బయమ్మ గారికి. తమరు పరీక్షించిన పదిహేడవ సంఖ్య గల ఎలుకకు ఈ నెల నాలుగవ తేదీన ఎడమ ముందుకాలి యందు వణుకు మొదలైనట్లు సదరు సంస్థ వారు ధ్రువీకరించినారు. కావున తమ నిర్ణయములు ఇరవైకి ఇరవై సరియైనవని దస్త్రమున సవరించడమైనది. కంటికి తెలియక ముందే చెవికి తెలియునని ఇందుమూలముగా సంఘము అంగీకరించుచున్నది. కుమారి నందిని గారి అధ్యయనము మూడు సంవత్సరములు పొడిగించబడినది. తమరిని అందులో శ్రవణ పరీక్షకురాలిగా నియమించుటకు మా సంస్థ సంతోషించుచున్నది. విధేయుడు, ఈశ్వరప్ప."

సంచులు కుట్టేవారు కవరు చుట్టూ మూగారు.

"ఆ ఎలక సంగతి ఇంకోసారి చదువు," అన్నది బయమ్మ.

శెట్టి గారు మళ్ళీ చదివారు. "ఇందుమూలముగా సంఘము అంగీకరించుచున్నది" అన్న చోట, ఎవరూ అడగకుండానే, ఆయనే ఆగి రెండుసార్లు చదివారు. సంచులు కుట్టే ఓబుళేసు, మిషన్ వచ్చిన నాడు అందరికన్న గట్టిగా నవ్వినవాడు, "మన బయమ్మక్క చెవి సర్కారీ అయిపోయెనప్పా!" అని కేక వేశాడు. ఆ మాటకు గోదామంతా హోరెత్తింది.

హోరు తగ్గిన తరువాత శెట్టి గారు కవరును మడతపడకుండా ఆమె చేతికిచ్చి, కొత్త రాశిలో నుంచి గుప్పెడు కాయలు తీసి, మొహమాటంగా ముందుకు చాచారు.

"మిషన్ అయితే సరిపోయిందంటాండాది. నాకే యాడో అనుమానం. నువ్వొకసారి..."

బయమ్మ కాయలు అందుకొని, ఎడమ చెవి దగ్గర ఆడించింది. కళ్ళు మూసుకొని, ఎప్పటికన్న కొంచెం ఎక్కువసేపు ఆడించింది.

"ఇంకొక ఎండ కావల్ల."

"పరచండ్రా!" అని శెట్టి గారు యంత్రంవంక చూడకుండానే కేక పెట్టారు. తరువాత గొంతు తగ్గించి, "రేపు పొద్దున్నే రా బయమ్మా. ఇంకా నాలుగు రాశులుండాయి" అన్నారు.

బయమ్మ ఉత్తరాన్ని రవికెలో భద్రపరచుకొని, కొంగు బిగించింది.

"రేపు తీరదు సావుకారీ," అన్నది. "రాప్తాడు తావ నలభై ఎలకలు నాకోసం కాచుకోనుండాయి."